బోండాం నీళ్ళలో కలిపిన ప్యాకెట్టు

ఆ రోజు ఇంట్లో తాతయ్య, నాయనమ్మ, నేను ఉన్నాం. అమ్మా నాన్నా గట్టు తెగిన రొయ్యల చెరువు చూసుకోవడానికి ఉప్పలగుప్తం వెళ్ళారు. మధ్యాహ్నం నుంచి నర్సు ప్రసన్నకుమారి గారు కూడా మా ఇంట్లోనే ఉన్నారు కాబట్టి ఆవిడ పేరూ రాస్తున్నాను.

తుఫాను వెళ్ళి తొమ్మిది రోజులైంది. తాతయ్యకు తెల్లవారుజాము నుంచి విరేచనాలు. ముందురోజు నర్సుగారు ఇంటింటికీ పంచిన ఓఆర్ఎస్ ప్యాకెట్టు నేనే కలిపాను. లీటరు మంచినీళ్ళలో కలపాలని దాని మీద ఉంది. చదివాను కూడా.

"బావి నీళ్ళు కంపు కొడుతున్నాయే. పెరడంతా కొబ్బరి బోండాలు రాలి పడున్నాయి. వాటి నీళ్ళలో కలుపు, బలం," అంది నాయనమ్మ.

ఎదురు చెప్పడం నాకు రాదు. కలిపేశాను.

తాగినకొద్దీ విరేచనాలు ఎక్కువయ్యాయి. మధ్యాహ్నానికి తాతయ్య కళ్ళు గుంటలు పడ్డాయి. పొద్దుటి నుంచి ఒంటేలుకే వెళ్ళలేదు. అమలాపురం ఆసుపత్రికి తీసుకెళదామంటే దారిలో పడ్డ చెట్లు ఇంకా తియ్యలేదు. పరిగెత్తుకెళ్ళి నర్సుగారిని తీసుకొచ్చాను.

"మీ మందు పనిచెయ్యలేదండీ," అంది నాయనమ్మ.

"ఎవరు కలిపేరండి?"

మంచం మీద తాతయ్య మూలిగాడు. అప్పుడు చెప్పేశాను.

"నేనేనండీ. బోండాం నీళ్ళలో."

తిడతారనుకున్నాను. ఆవిడ నా చేతే నీళ్ళు కాయించి, చల్లార్పించి, కొత్త ప్యాకెట్టు కలిపించారు.

"ఉప్పు ఒక్కటే చిన్నపేగు గోడ దాటలేదమ్మా. పంచదార తోడుండాలి. ఆ రెండూ కలిసి లోపలికెళ్తే వాటి వెంట నీళ్ళూ వెళ్తాయి. బోండాం నీళ్ళలో ముందే పంచదారుంటుంది కదా, దాన్లో ఇదీ కలిపితే మరీ చిక్కనైపోద్ది. అప్పుడు ఒంట్లో నీళ్ళనే పేగులోకి లాగేస్తుంది."

"ఆయ్, మా ఆవిడ నన్ను బోండాలతోటే సాగనంపేద్దామనుకుందండీ," అన్నాడు తాతయ్య నీరసంగా.

"నోరొక్కటీ ఎండలేదు మహానుభావుడికి!" అంది నాయనమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

నర్సుగారు చెంచా నా చేతిలోనే పెట్టారు. "నిమిషానికో చెంచా పట్టించు. ఒంటేలొచ్చిందంటే గండం గడిచినట్టే."

తప్పు చేసిన చేతికే మళ్ళీ ఆ పని అప్పగించారు. ఆవిడ మేలు ఈ జన్మలో మరిచిపోను.

చెంచాలు లెక్కపెట్టడం ఎప్పుడు మానేశానో గుర్తులేదు. పొద్దు వాలేసరికి తాతయ్య నా భుజం పట్టుకుని లేచాడు. ఒక్కో అడుగే వేస్తూ దొడ్లో స్నానాలగది దాకా వచ్చాడు. పడిపోతాడేమోనని నేనూ లోపలికి అడుగు పెట్టబోయాను.

"ఒంటేలుకే పిచ్చిపిల్లా! నువ్వెక్కడికి?" అని నా మొహం మీదే తలుపేసుకున్నాడు.