గంప లాగిన ఇంజను

ఇంజను తాడు లాగాలంటే మగాడి రెక్కలే కావాలని ఎవరన్నా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ మాట మా ఆయన అన్నా ఊరుకోను.

మార్కాపురం పక్కన చెన్నకేశవులు గారి పలకరాయి గనిలో మా ఆయన కరుణాకరం ఇంజను డ్రైవరు. నేను అక్కడే పనికిరాని రాతిముక్కలు గంపలకెత్తి మోసే కూలీని. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటేడు ఆ ఇంజనును మద్రాసు వేలంలో కొనుక్కొచ్చారు. గనిలో ఊరిన నీళ్లను అది తోడితేగానీ ఎవరికీ పని ఉండదు. దాని చక్రానికి తాడు చుట్టి ఒక్క ఊపున లాగాలి. తాడు కొసన ఉన్న ముడిని చక్రం గాడిలో ఉత్తినే పెడతారు. ఇంజను అందుకోగానే అది దానంతటదే జారిపోతుంది.

ఒకనాడు ఆ మాయదారి ఇంజను అందుకోకపోగా వెనక్కి తన్నింది. మా ఆయన తాడును అరచేతికి చుట్టుకుని ఉన్నాడు. భుజం గూడు తప్పింది. ఎముకలు సరిచేసే ఆయన కట్టు కట్టాడుగానీ, కుడిచెయ్యి మాత్రం పైకి లేవలేదు.

చెన్నకేశవులు గారు వచ్చి చూశారు. "నీ మీద నాకు కోపమేం లేదు కరుణాకరం. సోమవారం నువ్వు ఇంజను లేపితే పని నీది. లేదంటే గిద్దలూరు నుంచి డ్రైవరు కాటమరాజు వస్తాడు. నీళ్లు నిండుతుంటే నేనేం జేయాల?" అన్నారు.

ఆ పూట మా ఆయన అన్నం ముట్టలేదు. "నూనె పోసేది, శబ్దం విని రోగం చెప్పేది, అంతా నాకొచ్చు. లాగేదొక్కటే చేతగాదు. దానికే నా బతుకు పోయె గదా ఎలీషబా," అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అతన్ని అట్లా చూసి నాకు ఆ ఇనుపముద్ద మీద పట్టరాని కోపం వచ్చింది.

శనివారం, పైన మిగిలిపోయిన రాతిముక్కలెత్తి గని అంచున గంప కుమ్మరిస్తున్నాను. పైకి రాళ్లు చేదే పాత గిలక మీద ఎవరో తాడు వదిలేసి పోయారు. దాని కొసన కట్టి ఉన్న నిండు గంప నా కాలు తగిలి గుంటలోకి పడింది. గిలక గిర్రున తిరిగింది. నేను నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను. బరువు పడితే గిలక తిరిగింది కదా, ఇంజను చక్రానికేం రోగం?

ఆదివారం ప్రార్థన కాగానే మా ఆయన్ని గని దగ్గరికి లాక్కుపోయాను. గుంటలో మనిషన్నవాడు లేడు. పెద్ద గంప నిండా రాళ్లు పేర్చి, అంచున పలక మీద పెట్టాను. గంపకు కట్టిన తాడును గిలక మీదుగా తెచ్చి ఇంజను చక్రానికి చుట్టాను. జారిపోయే ముడి మీద నాకు నమ్మకం లేదు. అందుకని మా ఆయన చూడకుండా ముడిని గట్టిగా బిగించి కట్టేశాను.

గంపను తన్నాను. చక్రం తిరిగింది, ఇంజను అందుకుంది! కానీ ముడి ఊడలేదు. తాడు తిరిగి చక్రానికే చుట్టుకుని, గుంటలోకి పోయిన గంప అంతెత్తున పైకి లేచింది. మా చుట్టూ రాళ్లవాన! మా ఆయన పాక్కుంటూ పోయి ఎడమచేత్తో మీట నొక్కి ఆపాడు.

"ఏందే నువ్వు కట్టిన ముడి?"

"గంపలు మోసేదాన్ని. ముడి ఊడితే నా నెత్తినే గదా పడేది! ఊడేటట్టు కట్టేది నాకెవురు నేర్పినారు?"

దెబ్బ తగిలాక మొదటిసారి మా ఆయన నవ్వాడు. పడి పడి నవ్వాడు. "కట్టొద్దే తల్లీ. గాడిలో పెట్టు, చాలు."

మా ఆయన లేపలేడనుకున్నారేమో, సోమవారం పొద్దున్నే కాటమరాజు దిగాడు. మనిషి కొండలా ఉన్నాడు. ఆరుసార్లు లాగాడు. ఏడోసారి ఇంజను వెనక్కి తన్నితే, చెయ్యి ఊదుకుంటూ కూలబడ్డాడు. కూలీలందరూ కిసుక్కుమన్నారు.

మా ఆయన ముందుకొచ్చాడు. ఎడమచేత్తో చక్రాన్ని మెల్లగా తిప్పి, మళ్లీ తన్నకుండా, బిగువు తగిలిన చోట కాస్త వెనక్కి జరిపాడు. రాళ్ల గంపను మళ్లీ పలక మీద పెట్టి, తాడు నేనే చుట్టాను, ముడి గాడిలో పెట్టాను. గంపను తన్నడానికి కాలెత్తాను.

"జరుగు," అన్నాడు మా ఆయన. "డ్రైవర్ని నేను."

తానే తన్నాడు. గంప గుంటలో పడింది, చక్రం రివ్వున తిరిగింది, ముడి జారింది, ఇంజను డబడబలాడింది. గొట్టంలోంచి నీళ్లు భళ్లున దూకాయి. నేను గని అదిరేటట్టు "ప్రభువా!" అని అరిచాను.

చెన్నకేశవులు గారు గుంటలోకి తొంగి చూశారు. "ఎవురు లాగినారే?"

"రాళ్లు లాగినాయి అయ్యా. ఇంక డ్రైవరు ఎవురో చెప్పండి."

ఆయన మా ఆయన వేలాడే చెయ్యి వంక చూశారు, నీళ్ల వంక చూశారు. "ఇంకెవురే, నీ మొగుడే!"

కాటమరాజు మెల్లగా నా పక్కకు చేరాడు. "అక్కా, మా గిద్దలూరు ఇంజనుకు గూడ ఇట్ల కట్టిస్తావా?"

"కట్టగూడదు తమ్మీ," అన్నాను. "గాడిలో పెట్టాల."

మా ఆయన కుడిచెయ్యి ఆ తర్వాత కూడా భుజం దాటి లేవలేదు. అయినా ఆ గని మూతపడేదాకా, పదకొండేళ్లపాటు, రోజూ పొద్దున్నే ఆ ఇంజనును లేపింది ఆయనే.