కనుమ కింద చలిమంట

నేను ఒక హెడ్‌ఫోన్‌ని. చెవులకు రెండు మెత్తని దిమ్మెలు, నెత్తి మీదుగా ఒక వంకీ, నోటి దగ్గరకు వంగే సన్నటి మైకు. ఏ దేశంలో పుట్టానో నా పెట్టె మీద రాసే ఉంది గాని, ఆ ఊరు నాకు గుర్తులేదు. అక్కడెవరో అమ్మాయి నన్ను ఒక్కసారి చెవికి పెట్టుకుని, పని చేస్తున్నానని తేల్చుకుని, పెట్టెలో పడేసింది. ఆ తరువాత నేను విన్నవన్నీ తెలుగు మాటలే.

పలాసలో సెల్‌ఫోన్ల కొట్టు నడిపే జోగారావు నన్ను తన భార్య అన్న తవిటినాయుడి కోసం ఇంటికి తీసుకెళ్లాడు. తవిటినాయుడు పద్దెనిమిదేళ్లు లారీ నడిపిన మనిషి. వానలో ఘాట్‌రోడ్డు మీద లారీ లోయలోకి ఒరిగినప్పుడు ప్రాణమైతే దక్కింది గాని, నడుము కింద భాగం చచ్చుబడిపోయింది. నేను వచ్చేనాటికి ఆయనకు నలభై రెండేళ్లు. చెల్లెలు అమ్మడు ఇంట్లో, వీధి వైపు గదిలో, చక్రాల కుర్చీలో ఉండేవాడు. పలకరించేవాళ్లు మొదట రోజూ వచ్చారట, తరువాత పండగలకు వచ్చారట, ఆ తరువాత మానేశారట. అందుకే జోగారావు కొట్లో మూలపడిన కంప్యూటరొకటి తెచ్చి, అందులో ఆట పెట్టి, నన్ను ఆయన నెత్తిన తగిలించాడు.

"ఈ వయసులో నాకు ఆటలేటి బావా?" అన్నాడు తవిటినాయుడు. అయినా తీసెయ్యలేదు.

ఆ ఆట పేరు 'ఏడు కనుమలు'. ఎక్కడెక్కడి వాళ్లో ఒకేసారి అందులోకి వచ్చి, ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ ఆడేవాళ్లు. కొండకు ఇటు ఒక పట్నం, అటు ఒక పట్నం, మధ్యలో కనుమ. ఇటు సరుకు మోసుకెళ్లి అటు చేర్చాలి. మంచు, తోడేళ్లు, అడుగు తప్పితే లోయ. ఒంటరిగా వెళ్లినవాడు బతికేవాడు కాడు. చచ్చిపోతే మోస్తున్న సరుకంతా పోయి, మళ్లీ కింది నుంచే బయలుదేరాలి. ఐదుగురు కలిస్తేనే దాటగలరు. అందుకని కనుమ కింద ఒక చలిమంట చుట్టూ కూర్చుని, ఐదుగురూ పోగయ్యేదాకా ఎదురుచూసేవాళ్లు. అరగంట, ఒక్కోసారి గంట. ఫ్యాను కింద కూర్చుని, లేని చలికి లేని మంట కాచుకునే ఈ మనుషులను చూస్తే నాకు మొదట్లో నవ్వొచ్చేది.

తవిటినాయుడు మొదటిరోజు ఒంటరిగా బయలుదేరి నాలుగుసార్లు చచ్చిపోయాడు. ఐదోసారి నాలో ఒక గొంతు వినిపించింది.

"అన్నా, గట్ల ఒక్కనివే ఉరుకుతె తోడేళ్లకు బువ్వయితవ్. ఇటు రా, మంట కాడ కూసో. ఇంకిద్దరొస్తె పోదాం."

అతను లింబాద్రి. నిజామాబాద్ దగ్గర రైసు మిల్లులో గుమాస్తా. పక్కనున్నది ఓబులమ్మ, నంద్యాలలో నర్సు. ఆ సాయంత్రం మంట దగ్గర ముప్పావుగంట కూర్చున్నారు. మిల్లులో ఊక దుమ్ముకు వచ్చే దగ్గు గురించి లింబాద్రి, ఆస్పత్రి వరండాలో నిద్రపోయే కుక్క గురించి ఓబులమ్మ, తన లారీ గురించీ చక్రాల కుర్చీ గురించీ తవిటినాయుడు చెప్పారు. ప్రమాదం తరువాత తవిటినాయుడు కొత్తవాళ్లతో అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారని, టీ పట్టుకొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయిన అమ్మడి ముఖం చూసి నాకు తెలిసింది.

ఘాట్‌రోడ్లు ఎరిగిన మనిషి కదా, మూడు నెలల్లో ఆయనకు కనుమ కరతలామలకమైంది. ఏ మలుపులో గాలి తోస్తుందో, ఎక్కడ ఆగి వెనకవాడి కోసం చూడాలో ఆయనే చెప్పేవాడు. అందరికీ డ్రైవరన్న అయ్యాడు. కొత్తవాళ్లు వచ్చి, "డ్రైవరన్న ఉన్నాడా?" అని అడిగేవాళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చోవడం నాకు తెలిసేది.

ఒకసారి తుపాను అని పేరు పెట్టుకున్న ఒకతను నలుగురిని తోడేళ్లకు వదిలేసి, సరుకుతో పారిపోయాడు. కనుమ కింద ఆ సంగతి తెలియనివాడు లేడు. పది రోజులు ఎవరూ అతన్ని వెంట తీసుకుపోలేదు. మంటకు దూరంగా కూర్చునేవాడు. పదకొండో రోజు తవిటినాయుడే పిలిచాడు. "రా బాబూ. నా ఎనకాల రా. ముందుకి మాత్రం పరిగెట్టకు." ఆ తరువాత అతను ఎవరినీ వదిలి పోగా నేను వినలేదు.

మరో సాయంత్రం, ఐదోవాడి కోసం చూస్తుండగా ఓబులమ్మ హఠాత్తుగా అంది: "అన్నా, నీ గొంతేందో తేడాగా ఉండాదే?"

"ఏటీ లేదమ్మా. కాస్త జొరం."

"పొద్దస్తమానం కుర్చీలోనే ఉంటావు గదా, వీపు కింద పుండేమన్నా పడిందా? మీ చెల్లెల్ని పిలువు. నేను మాట్లాడతా."

అమ్మడు నన్ను బెరుకుగా చెవులకు పెట్టుకుంది. ఓబులమ్మ ఒక్కొక్కటే అడిగింది: వాసన వస్తోందా, చుట్టూ నల్లబడిందా, మాట తడబడుతోందా. చివరికి, "అక్కా, ఇప్పుడే ఆస్పత్రికి తీసకపో. రేపు చూద్దాం అనొద్దు" అంది. వెంటనే ఆటోలో తీసుకెళ్లారు. ఇంకో రెండు రోజులు ఆగితే మనిషి దక్కేవాడు కాదన్నాడట డాక్టరు.

ఆయన వస్తున్నాడని అమ్మడు ముందురోజే నాలోంచి ఓబులమ్మకు కబురు చెప్పింది. ఇరవై రోజుల తరువాత ఆయన మళ్లీ ఆటలోకి వచ్చేసరికి, చలిమంట చుట్టూ ముప్పై మంది దాకా ఉన్నారు. ఎవరూ కనుమ ఎక్కడానికి రాలేదు. ఒక్కసారిగా అందరూ మాట్లాడేసరికి నాలో ఏ మాటా తెలియలేదు. తవిటినాయుడు మైకును చేత్తో మూసేశాడు. నా ఎడమ దిమ్మె తడిసింది.

రెండేళ్లు అలా గడిచాయి. అప్పుడు ఆట నడిపే కంపెనీవాళ్లు ఆటగాళ్లను ఒక ప్రశ్న అడిగారు. కనుమ కింద ఒక తలుపు పెట్టమంటారా? బొత్తాం నొక్కితే చాలు, ఎక్కడెక్కడి ఐదుగురినో ఆటే జతచేసి, క్షణంలో అవతల దించుతుంది. ఎదురుచూడక్కర్లేదు, దారి తెలియక్కర్లేదు.

"నాకైతె కావాలన్నా," అన్నాడు లింబాద్రి. అప్పటికి అతనికి కూతురు పుట్టింది. "ఇంట్ల గంట దొరుకుడే కష్టమున్నది. అండ్ల ముప్పావుగంట ఈడ కూసునుడైతె ఇంకేం ఆడుత?"

"నాకూ డ్యూటీలతో కుదరడం లేదన్నా," అంది ఓబులమ్మ. "నువ్వేమంటావు?"

తవిటినాయుడు మైకు నోటి దగ్గరకు లాక్కున్నాడు. "నాకేటమ్మా, పొద్దల్లా ఖాళీయే. మీకు అలగ కాదు కదా. పెట్టమందాం."

ఆయన 'కావాలి' అన్నదాని మీద నొక్కాడు. నొక్కేముందు ఊపిరి ఆపడం వాళ్లకు వినిపించలేదు. నాకు వినిపించింది.

తలుపు వచ్చింది. మొదటి వారమంతా సంబరమే. లింబాద్రి ఒక్క సాయంత్రం ఆరుసార్లు దాటి చిన్నపిల్లాడిలా నవ్వాడు. తవిటినాయుడూ బొత్తాం నొక్కి చూశాడు. ముక్కూ మొహం తెలియని నలుగురితో కనుమ అవతల ఒక గుహలో పడ్డాడు. "నమస్కారం బాబూ, ఏ ఊరు మీది?" అన్నాడు. ఎవరూ పలకలేదు. ఆయన ఒక మలుపులో ఆగి వెనకవాళ్ల కోసం చూశాడు. వెనక ఎవరూ లేరు, అందరూ ముందే ఉన్నారు. ఆలస్యం చేస్తున్నాడని నలుగురూ కలిసి ఆయన్ని జట్టులోంచి తీసేశారు. అలా తీసెయ్యడానికీ ఒక బొత్తాం ఉంది.

లింబాద్రి చెడ్డవాడు కాడు, ఓబులమ్మ అంతకంటే కాదు. కొన్నాళ్లు మంట దగ్గరకు వచ్చి పలకరించారు. కానీ ఎవరి కోసమూ ఆగక్కర్లేని చోట ఊరికే కూర్చోవడం వాళ్లకు చేతకాలేదు. అవతల ఉన్నవన్నీ తొందరగా చూసేశారు. చూడవలసినవి అయిపోయాయి. "మళ్ల కలుద్దామన్నా," అన్నాడు లింబాద్రి ఒకరోజు. ఆ మళ్లీ రాలేదు. రోజూ కలిసే మనుషులు కదా, ఫోను నంబర్లు ఇచ్చిపుచ్చుకోవాలని వాళ్లకు ఏనాడూ తోచలేదు.

తవిటినాయుడు మాత్రం నాలుగు నెలలు రోజూ సాయంత్రం మంట దగ్గర కూర్చున్నాడు. నాలో మంట చిటపటలు తప్ప ఏమీ వినిపించేవి కావు.

ఒకరోజు ఒక ఆడపిల్ల గొంతు. "అంకుల్, అవతలికి ఎలా వెళ్లాలండీ?"

ఆయన కుర్చీలో సర్దుకున్నాడు. "ఎల్దాంలే అమ్మా. ముందిలగ కూకో. ఇంకో ముగ్గురు రావాలి. మూడో మలుపు కాడ గాలి తోస్తాది, అక్కడ నా ఎనకాలే..."

"నడిచి వెళ్లాలా అండీ? ఏదో బటన్ ఉందన్నారూ?"

ఆయన మళ్లీ కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఉందమ్మా. పైన కుడిపక్కన తలుపు బొమ్మ. అది నొక్కీ."

"థాంక్సండీ," అంది. మరుక్షణం అక్కడ లేదు.

తవిటినాయుడు నన్ను తీసి బల్ల మీద పెట్టాడు. గదిలోకి వచ్చిన అమ్మడు, "ఏటన్నియ్యా, ఇయాల మాటలేటీ ఇనబడ్నేదు?" అంది.

"అందరూ దాటీసినారమ్మా," అన్నాడు.

ఇప్పుడు ఆయన జోగారావు కొట్లో కూర్చుంటున్నాడు. నేను అదే కొట్లో, చెడిపోయిన ఛార్జర్లతో పాటు ఒక ప్లాస్టిక్ బుట్టలో ఉన్నాను. పాత సామాన్లవాడు వచ్చేదాకా ఇదే నా చోటు. ఎవరిది తప్పని ఆలోచిస్తూ ఉంటాను. లింబాద్రికి దొరికే ఆ ఒక్క గంటా నిజమే. కష్టం తీసెయ్యమని అడగడం మనుషులకు సహజమే. దాని చుట్టూ ఎవరెవరు కూర్చుని ఉన్నారో చూసుకోవడం మరిచిపోతారు, అంతే.

మొన్న తవిటినాయుడు ఏదో తీగ కోసం బుట్ట వెతుకుతుంటే నా మైకు ఆయన వేళ్లకు తగిలింది. నన్ను పైకి తీసి, నోటి దగ్గరగా పట్టుకున్నాడు.

"లింబాద్రీ," అన్నాడు మెల్లగా.

నా తీగ దేనికీ తగిలించి లేదని ఆయనకు తెలుసు. అయినా కాసేపు ఎదురుచూశాడు.