సుమియె జుట్టు

నేను ఒక దయ్యం జుట్టును. సినిమా దయ్యమే లెండి, భయపడకండి. క్యోటోలో ఒక సినిమా మ్యూజియంలో, అద్దాల పెట్టెలో వేలాడుతున్నాను.

పుట్టింది మాత్రం సుమియె తల మీద. ఆమె కత్తియుద్ధాల సినిమాల్లో కథానాయిక. హీరో గెంజిరో. తెర మీద ఒంటిచేత్తో గుంపులు గుంపులను నరికేవాడు. సుమియె తనను కాదన్న ఒక్క మాటను మాత్రం తట్టుకోలేకపోయాడు.

"ఆ పిల్ల అడుగు మంచిది కాదండీ. పక్కన నుంచుంటే చాలు, సినిమా పోతుంది" అని స్టూడియో అంతా చెప్పాడు. నమ్మేశారు. వేషాలు పోయాయి. సుమియె నన్ను మొదలంటా కత్తిరించి, విగ్గులు కట్టే తొమె బామ్మకు అమ్ముకుంది.

కొన్నాళ్లకు ఒక దయ్యం సినిమా మొదలైంది. భర్త చంపేసిన భార్య తిరిగొచ్చే కథ. భర్త గెంజిరో. ముఖమంతా జుట్టు కప్పేసే వేషం ఎవరూ వెయ్యనంటే సుమియెను పిలిచారు. తొమె నన్ను ఆమె తలకు తొడుగుతూ, "నీదేనే తల్లీ, తీసుకో" అంది.

మా దేశంలో దయ్యం సినిమా తీసేముందు అందరూ గుడికి వెళ్లి, కథలోని చనిపోయిన మనిషిని క్షమించమని మొక్కుతారు. గెంజిరో వెళ్లలేదు. "చచ్చినదానికి నేను దండం పెట్టడమేంటి? అదే నాకు పెడుతుంది!" అని నవ్వాడు. లైట్లవాళ్లు నవ్వలేదు. దయ్యం వేషం ఎవరిదో అతను అడగలేదు; సుమియె బతికుందో లేదో కూడా అతనికి తెలియదు.

చివరి దృశ్యం. నేను తొలగగానే కన్ను వాచిన, రంగు పూసిన ముఖం కనబడాలి. అతను కత్తి దూయాలి. కానీ సుమియె నా చాటున ఆ రంగంతా తుడిచేసుకుంది.

నన్ను మెల్లగా పక్కకు తీసింది. ఉత్త ముఖం. బతికున్న ముఖం.

గెంజిరో కత్తి జారిపోయింది. వెల్లకిలా పడ్డాడు. అతని పిలక విగ్గు ఊడి దొర్లింది. నా జాతిదే, పాపం. "సుమియే! అబద్ధం చెప్పానే, నన్నొదిలెయ్యవే!" అని అరిచాడు. కెమెరా తిరుగుతూనే ఉంది.

"మళ్లీ తీద్దామండీ" అని తర్వాత బతిమాలాడు.

"ఇంత భయం నువ్వు జన్మలో నటించలేవయ్యా. ఉంచేస్తున్నా" అన్నాడు దర్శకుడు.

సుమియె నన్ను చెవి వెనక్కి తోసుకుని, గెంజిరో వైపు తిరిగి, "నా పక్కన నుంచున్నారుగా, సినిమా పోతుందేమో చూసుకోండి" అంది.

పోలేదు. హాళ్లు నిండిపోయాయి. పోస్టర్ల మీద ఆమె పేరు పైకెక్కింది. ఆ తర్వాత గెంజిరో ఏ సినిమాలో కత్తి పట్టినా జనం "వెనక చూసుకో!" అని అరిచి నవ్వేవారు. చివరికి కత్తి ఇవ్వడమే మానేశారు.

ఇప్పుడు సుమియె లేదు. మొన్న గెంజిరో వచ్చాడు, బాగా ముసలివాడై. గుడిలో వంచని తల నా అద్దం ముందు వంచి, "ఇకనైనా క్షమించు" అన్నాడు.

నేను ఉత్త జుట్టును. సరేనని ఊపడానికి నాకు తల లేదు.

ఉన్నా ఊపను.