పట్టాలిచ్చే ఉద్యోగం

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, మామిడి పూత కాలం. తిరుపతిలో జయరావు ఇంటి వసారా నిండా గాజు జాడీలే. వాటి మూతులకు పల్చటి గుడ్డ కట్టి, లోపల మామిడి రెమ్మల మీద, పూత రసం పీల్చే తేనెమంచు పురుగులను పరిశోధనకని పెంచుతున్నాడు. కాలేజీలో పాఠం చెప్పి వచ్చాడంటే చొక్కా అయినా విప్పకుండా వాటి ముందే చతికిలబడేవాడు. అలాంటి మనిషిని యూనివర్సిటీ వాళ్లు రిజిస్ట్రారుగా రమ్మన్నారు. ఒప్పుకుంటే ఇక కుర్చీ, బల్ల, సంతకాలే. పురుగులను ఎవరికి వదలాలి? వస్తాడో రాడో సాయంత్రంలోగా తంతి కొట్టాలి. రానని చెప్పడానికే మనసు మొగ్గుతోంది.

అక్క ఆనందమ్మ మాత్రం తమ్ముడు రిజిస్ట్రారు అయిపోయినాడని ముందురోజే పుత్తూరు బస్సులో అందరికీ చాటేసింది.

పొద్దున్నే ఆ బస్సు దారిలోని వడమాలపేట నుంచి ఓబయ్య, పెంచలయ్య అనే అన్నదమ్ములు దిగారు. అన్న చేతిలో స్టాంపు కాగితం, తమ్ముడి చంకలో కోడిపుంజు.

"మామిడి తోట పంచుకుంటా ఉండాము సామీ. మీరే రిజిస్టరు చేసి పెట్టాల" అన్నాడు ఓబయ్య.

"నేను ఆ రిజిస్ట్రారును కాదబ్బా. ఇది యూనివర్సిటీ ఉద్యోగం. అదీ ఇంకా ఒప్పుకోలేదు."

"ఆడ ఏం రిజిస్టరు చేస్తారు?"

"పరీక్ష ప్యాసైన పిల్లోళ్లకి పట్టాలిస్తారు."

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మేమడిగేదీ పట్టానే గదా సామీ!" అంటూ పెంచలయ్య కోడిని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

లోపల ఆనందమ్మ నవ్వు ఆపుకోలేక చెంగు నోట్లో కుక్కుకుంది.

"నవ్వుతావేందక్కా, అంతా నీ పుణ్యమే" అని జయరావు వాళ్లవైపు తిరిగాడు. "ఉమ్మడి తోటను ఇప్పుడెందుకు పంచుకునేది?"

"వీడి పక్క చెట్లకు వీడు మందు చల్లడు సామీ. ఆ పురుగులొచ్చి నా పక్క పూతనంతా పీల్చేస్తా ఉండాయి. పంచుకొని నడుమ గోడ కడతాను."

"నీ పురుగులే నా పక్కకొచ్చినాయి! సామీ, ఆయన మాట నమ్మొద్దు."

జయరావు ఒక జాడీని వేలితో తట్టాడు. పురుగులు టపటపా ఎగిరి పైగుడ్డకు తగిలాయి.

"చూసినారా? వీటికి గోడ ఒక లెక్కా? ఇద్దరూ ఒకే పొద్దున, మంచు ఆరకముందే, గంధకం పొడి చల్లాల. ఒకరు చల్లి ఒకరు మానుకుంటే దండగ."

"ఇన్నాళ్లూ మాకెవురూ చెప్పలేదే!"

"నేను రాసి అచ్చు వేయించినాను గదా."

"యాడ?"

"లండన్ పత్రికలో."

"మా తోట వడమాలపేటలో ఉండాది సామీ" అన్నాడు పెంచలయ్య.

ఓబయ్య మెల్లగా అడిగాడు. "మీ మాదిరి పురుగుల సదువు సదివినోళ్లు మన జిల్లాలో ఇంకెవురుండారు?"

"ఎవరూ లేరు. ఆ చదువుకు మన యూనివర్సిటీలో పట్టా లేదు."

"పట్టాలిచ్చేది మీరే అంటిరే! పదిమందికి ఇచ్చి ఊర్లకు తోలండి."

అది రిజిస్ట్రారు ఒక్కడి వల్ల అయ్యే పని కాదని చెప్పబోయి జయరావు ఆగిపోయాడు. ఆ చదువు పెట్టమని అంతకుముందు తానే యూనివర్సిటీకి రాశాడు. ఆ కాగితం ఏ బల్ల మీద కూర్చుండిపోయిందో ఆయనకు తెలుసు. ఇప్పుడు రమ్మంటున్నది ఆ బల్ల దగ్గరికే.

"అక్కా, గొడుగియ్యి. తంతి ఆఫీసుకు పోయొస్తా."

"వస్తానంటావా, రానంటావా?"

"వస్తాననే."

అన్నదమ్ములూ వెంట నడిచారు. ఆయన లోపల తంతి రాసిచ్చేసరికి, బయట వాళ్లిద్దరూ మళ్లీ మొదలుపెట్టారు.

"పడమర నుంచి చల్లుకుంటా వద్దామన్నా."

"తూర్పుగాలి రా! పొడంతా కండ్లలో పడదా?"

"నీ కండ్లలో పడితే నాకేం?"

"రాండప్పా, ముందు గంధకం కొందాం" అంటూ జయరావు మెట్లు దిగాడు. "ఉద్యోగానికి పోయేలోపల నేనూ ఒక పొద్దున తోటకొస్తాను. ఎవరి కండ్లలో పడతాదో ఆడే చూద్దాం."