గీతలు పడని ఇల్లు

మరియమ్మకు డెబ్బై రెండేళ్ళు. అన్నేళ్ళూ పేడతో అలికిన మట్టినేల మీదే తిరిగింది, ఒక్కసారి పడలేదు. కొడుకు ఆమె భద్రత గురించి ఆలోచించడం మొదలుపెట్టాకే పడడం మొదలైంది.

కొడుకు బెంజమిన్ జూలూరుపాడులో హెడ్మాస్టరు. పెద్దవాళ్ళున్న ఇల్లు ఎలా ఉండాలో పేపర్లో చదివాడు. సగమే చదివినట్టున్నాడు. ఊళ్ళల్లో అప్పుడప్పుడే టైల్స్ మోజు మొదలైంది. "ఎగుడుదిగుడు నేల మీద అమ్మకు కాలు తట్టుకుంటది" అని ఏన్కూరులోని ఇంటినిండా తెల్లటి టైల్స్ పరిపించాడు. వాటిలో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు, అంత నునుపు. బాత్రూంలో పట్టుకోవడానికి స్టీలు కడ్డీ కూడా బిగించాడు, తన ఎత్తుకి. ముసలామెకు అందదు కాబట్టి కోడలు దీవెన దాని మీద తువ్వాళ్ళు ఆరేస్తోంది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. మొదటి వారమే మరియమ్మ రెండుసార్లు జారింది. భయపడి వెదురుకర్ర చేతబట్టింది. అది టక్కుమన్నప్పుడల్లా కొడుకు గుండె గుభేలుమనేది.

"అమ్మా, టైల్స్ మీద గీతలు పడుతున్నయే. ఏమన్నా కావాలంటే పిలువు, మేం లేమా?"

మర్నాటికి కర్ర మాయం. ఇక పిలవడమే మిగిలింది. పిలిస్తే కొడుకు బడిలో, కోడలు సీరియల్లో. కుర్చీలోంచి లేచి మరుగుదొడ్డికి పోవాలన్నా ఒకరి దయ కావాలి. అడగలేక మరియమ్మ మంచినీళ్ళు తాగడం తగ్గించుకుంది. ఆ సిగ్గు ఆమెను లోపల కాల్చేసింది.

శనివారం ఇంట్లో కృతజ్ఞతా కూటం పెట్టారు. బెంజమిన్ లేచి, దేవుడు తనచేత చేయించిన మేలు గురించి పావుగంట సాక్ష్యం చెప్పాడు. తల్లిని సన్మానించమన్న బైబిలు ఆజ్ఞ ప్రకారం ఆమె కోసం ఇంటిని ఎంత భద్రంగా మార్చాడో వివరించాడు. అందరూ "స్తోత్రం" అన్నారు. పాస్టరయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

"మరియమ్మగారూ, మీరు కూడా లేచి ఒక్క సాక్ష్యం చెప్పుండ్రి" అన్నాడు.

"చెప్తనయ్యా. లేవాలంటే నా కర్ర కావాలె. ఏడ దాచిండో నా కొడుకునడుగుండ్రి."

అందరూ బెంజమిన్ వైపు తిరిగారు. బెంజమిన్ ముఖం మాడిపోయింది.

"లేవొద్దులేమ్మా, కూసోనే చెప్పు" అన్నాడు గబగబా.

"కూసోనే ఉన్న గద బిడ్డా, పదిహేను దినాల సంది. గదే నా సాక్ష్యం" అంది మరియమ్మ.