మేనత్త నడక

ఆ ఇంట్లో నడకను కూడా ముక్కూ కళ్ళలాగే పోలికగా లెక్కేసేవారు. మేనత్త కుడివైపుకు ఒరుగుతూ, రెండో అడుగుకు సర్దుకుంటూ, పడవలా నడిచేది. ఆవిడ తమ్ముడూ అంతే. అతను రైల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి కనుక, ఆ ఊగుడు ఉద్యోగం వల్ల వచ్చిందని తోటివాళ్ళు అనుకునేవారు. అతని కూతురు తొలి అడుగులు వేసి కుడివైపుకు ఒరిగినప్పుడు ఇల్లంతా సంబరపడింది. "అచ్చం అక్కయ్యే," అన్నాడతను. ఎవరూ డాక్టరుకు చూపించలేదు. పోలికకు డాక్టరెందుకు?

కూతురు పెద్దదై చెప్పుల దుకాణంలో పనికి చేరింది. కొనడానికి వచ్చినవాళ్ళ ముందు పొట్టి స్టూలు మీద కూర్చోవడం, లేవడం, నిచ్చెనెక్కి పెట్టె దించడం, మళ్ళీ కూర్చోవడం. ముప్పై దాటాక కుడి గజ్జలో నొప్పి మొదలైంది. మొదటి డాక్టరు బరువు తగ్గమన్నాడు. బరువు తగ్గింది, నొప్పి తగ్గలేదు. రెండో డాక్టరు నడుము పట్టేసిందని బెల్టు రాశాడు. బెల్టు మంచిదే, కాని నొప్పి బెల్టు లేని చోట ఉంది. మూడో ఆవిడ ఎముకల సర్జను. ఏమీ అడగకుండా, ముందుగా గదిలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించి చూసింది. తర్వాత ఎక్స్‌రే తీయించింది.

"తొడ ఎముక పైన బంతిలా ఉంది చూడండి, అది తుంటిలో ఈ గిన్నెలో కూర్చోవాలి," అంది సర్జను, తెర మీద వేలు పెట్టి. "మీ గిన్నెకు లోతు లేదు. బంతి సగం బయటే ఉండిపోయింది. పుట్టుకతో వచ్చిందే. మీ ఇంట్లో ఇలా నడిచేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?"

"మేమంతా ఇలాగే నడుస్తామండి. మా మేనత్తయితే చాలా బాగా నడుస్తుంది."

సర్జను ఆ సంగతి పక్కన పెట్టి, ఆపరేషన్ గురించి చెప్పింది. గిన్నె చుట్టూ ఎముకను కోస్తారు. బంతిని కప్పేలా గిన్నెను తిప్పి స్క్రూలు బిగిస్తారు. ఎముక అతుక్కునేదాకా చంకకర్రలు. "లోపలి మెత్తటి పొర ఇంకా బాగుంది. ఇప్పుడు చేస్తే మీ కీలు మీకు మిగులుతుంది. అరిగిపోయాక వస్తే ఇక మార్చడమే."

ఇంట్లో చెబితే తండ్రి పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"అంటే అక్కయ్య నడక జబ్బంటావా?"

"నేననలేదు నాన్నా. ఎక్స్‌రే అంది."

"ఆ మిషన్‌కి మన సంగతి ఏం తెలుసు?"

మేనత్త కుట్టుమిషను ముందు ఉంది. స్కూలు యూనిఫారాలు కుట్టి ఆ ఇంటిని ఒడ్డున పడేసింది ఆవిడే. తలెత్తకుండా, "తిప్పి ఎటు పెడతారే?" అని అడిగింది. మేనకోడలు ఒక చెయ్యి పిడికిలి బిగించి, దాని మీదకు రెండో అరచేతిని వంచి చూపించింది. మేనత్త చూసి, మళ్ళీ సూదిలోకి దారం ఎక్కించుకుంది. తర్వాత ఆ మాటే ఎత్తలేదు. అక్కయ్య అలిగిందని తమ్ముడు తేల్చాడు. ఆవిడ అలిగినా అలగకపోయినా ఒకేలా ఉంటుంది కనుక మిగతావాళ్ళు ఏ సంగతీ తేల్చుకోలేకపోయారు.

ఆపరేషన్ రోజు ఎవరూ పిలవకుండానే మేనత్త ఆసుపత్రికి వచ్చింది. వరండాలో ఉన్న ప్రతి బెంచీ మీదా కాసేపు కూర్చుంటూ థియేటరు తలుపు దాకా చేరింది. వెనకే తమ్ముడు, అదే ఊగుడుతో. ఇద్దరినీ చూసి ఒక నర్సు రెండు చక్రాల కుర్చీలు తెచ్చింది. తమ్ముడికి తల కొట్టేసినట్టయింది. మేనత్త కూర్చుంది.

సర్జను బయటికొచ్చి, అంతా అనుకున్నట్టే జరిగిందని చెప్పింది. మేనత్త లేచి ముందుకొచ్చింది. ఆ నాలుగడుగులూ సర్జను కన్నార్పకుండా చూసింది.

"అమ్మా, మీకు నొప్పి ఉందా?"

"నడిస్తే ఉంటుంది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఊహ తెలిసినప్పటి నుంచి."

"ఎవరికీ చెప్పలేదా?"

మేనత్తకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. "చెప్పేదేముంది? నడిస్తే అందరికీ నొప్పే కదా."

"లేదమ్మా. అందరికీ ఉండదు."

మేనత్త తమ్ముడి వైపు తిరిగింది. "నీకుండదూ?"

"లేదక్కయ్యా."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ లేదు."

ఆవిడ ఆలోచించింది. "మరి రోడ్ల పక్కన బెంచీలెందుకు వేస్తారు?" అంది.

సర్జను ఇద్దరికీ ఎక్స్‌రే తీయించింది. మేనత్తకు గిన్నే బంతీ రెండూ అరిగిపోయాయి. తిప్పడానికి ఏమీ మిగల్లేదు, మార్చాల్సిందే. తమ్ముడి ఎక్స్‌రేను సర్జను రెండుసార్లు చూసింది. గిన్నె లోతుగా ఉంది, బంతి గుండ్రంగా ఉంది.

"మీ కీళ్ళు రాయిలా ఉన్నాయి. మరెందుకలా నడుస్తారు?"

అతను తల వంచుకున్నాడు. "చిన్నప్పుడు అక్కయ్య వెనకాలే బడికి వెళ్ళేవాణ్ణండి."

"దీనికి ఆపరేషన్ లేదు," అంది సర్జను.

వార్డులో ఈ సంగతి విని కూతురు నవ్వింది, వెంటనే తుంటి పట్టుకుంది. "నవ్వించకు నాన్నా, కుట్లు లాగుతున్నాయి." తను నవ్వించడం లేదన్నాడతను.

కొన్నాళ్ళకు ఆమె చంకకర్రలు వదిలి దుకాణానికి వెళ్ళింది. మొదట్లో కాలు ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుండేది. తర్వాత దాన్ని మర్చిపోయింది.

మేనత్త సర్జనును ఒకే ప్రశ్న అడిగింది: లోపల పెట్టేది తుప్పు పడుతుందా అని. పట్టదంది. అయితే సరేనంది. ఆపరేషన్ అయ్యి నొప్పి పోయాక ఆవిడకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. "వీధిలో కబుర్లాడుకుంటూ నడిచిపోయేవాళ్ళను చూసి, అబ్బ, వీళ్ళకెంత ఓర్పో అనుకునేదాన్ని," అంది మేనకోడలితో. "నాకే ఓర్పు లేదని సిగ్గుపడేదాన్ని."

మేనకోడలు ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఒకరోజు ఉదయం దారపు ఉండ కోసం వీధి చివరి కొట్టుకని బయల్దేరిన మేనత్త మధ్యాహ్నమైనా రాలేదు. తమ్ముడు కంగారుపడి చుట్టుపక్కల వీధులన్నీ గాలించాడు. అతను గుమ్మంలో చెమట తుడుచుకుంటుండగా ఆవిడ వీధి రెండో చివర నుంచి, కాళ్ళ నిండా దుమ్ముతో వచ్చింది.

"ఎక్కడికెళ్ళావక్కయ్యా?"

"కాలవ వంతెన దాకా."

"అక్కడేం పని?"

"పనేం లేదురా. ఆగాల్సిన అవసరం రాలేదు."

లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగింది. దారం మర్చిపోయానని చెప్పి మళ్ళీ బయల్దేరింది.