రాహేలమ్మ మైకు

నేను ఒక యాంప్లిఫయర్‌ని. హైదరాబాదులో ఒక చిన్న కార్ఖానాలో, రేకు డబ్బాలో తీగలు బిగించి నాకు ప్రాణం పోశారు. రెండు మైకులు, ఒక పాటల పెట్టె నాలోకి వస్తాయి. నాలుగు అంతస్తులకు మాట మోసే తీగలు నాలోంచి పోతాయి. ఏలూరులో సుబ్బరాజుగారి బట్టల కొట్టులో నన్ను బిగించినవాడు మెకానిక్ జిలానీ.

"రెండు మైకుల్లో ఒకదానికే ప్రయారిటీ అండీ. అది మాట్లాడితే రెండోదీ, పాటలూ నోరు మూసుకుంటాయి. దేనికి ఇమ్మంటారు?" అని అడిగాడు.

"కొట్టు ఎవరిదయ్యా?" అన్నారు రాజుగారు.

అలా పై అంతస్తులో ఆయన గదిలోని మైకు పెద్దదైంది. కింద కౌంటర్లో ప్రకటనలు చెప్పే రాహేలమ్మది చిన్నదైంది. పాట ఎక్కువైతే తగ్గించుకోవడానికి అంతస్తుకొక వాల్యూం నాబ్ గోడకు పెట్టాడు జిలానీ. నాబ్ తగ్గించినా మైకు మాట వినబడాలంటే ఇంకో వైరు లాగాలన్నాడు. మళ్లీ గోడలు పగలగొట్టడం రాజుగారికి ఇష్టం లేకపోయింది.

ఆ శ్రావణ మాసంలో ఒక మధ్యాహ్నం, కొట్టు కిటకిటలాడుతుండగా, ఒకామె ఏడుస్తూ కౌంటరు దగ్గరికి వచ్చింది. నాలుగేళ్ల కూతురు కనబడటం లేదు. రాహేలమ్మ మైకు అందుకుంది.

"పసుపు గౌను వేసుకున్న పాప, పేరు జాహ్నవి..."

"మహిళామణులారా!" అంటూ పైగదిలో రాజుగారు అందుకున్నారు. నాకు నేర్పింది నేను చేశాను: రాహేలమ్మ గొంతు నొక్కేశాను. ఆమె మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ నొక్కాను. కంచిపట్టు గొప్పతనం గురించి ఆయన ఇంకా చెబుతూనే ఉన్నారు. తల్లి రోడ్డు మీదికి పరుగెత్తింది.

మోకాళ్ల నొప్పులతో ఏనాడూ పైకెక్కని రాహేలమ్మ ఆ మెట్లన్నీ ఎక్కింది. రాజుగారి చేతిలోంచి మైకు లాక్కుంది.

"ఆపండి బాబూ! పిల్ల తప్పిపోయింది!"

కొట్టంతా విన్నది, రెండో అంతస్తు తప్ప. తలనొప్పిగా ఉందని అక్కడి అమ్మాయిలు నాబ్ సున్నాకి తిప్పేశారు. అంతస్తు అంతస్తూ వెతుక్కుంటూ దిగి వచ్చిన రాహేలమ్మకు అక్కడ మాత్రం అందరూ తీరిగ్గా చీరలు మడతపెడుతూ కనిపించారు.

"ఏమే, మీకు వినబళ్లేదా?"

"ఏంటత్తా?"

ఆమె వంగి బల్లల కిందికి చూసింది. మూడో బల్ల కింద, చీరల అట్టపెట్టెల మధ్య, పాప నిద్రపోతోంది. తల్లిని రోడ్డు మీంచి పిలుచుకొచ్చి, బిడ్డను ఆమె చేతుల్లో పెట్టాక, రాహేలమ్మ మెట్ల మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మర్నాడు జిలానీకి కబురు వెళ్లింది.

"ఆ వైరు లాగు. ప్రయారిటీ రాహేలమ్మకి పెట్టు," అన్నారు రాజుగారు.

"మీరు మాట్లాడుతుంటే మధ్యలో తెగిపోద్దండీ."

"తెగనీ."

ఆ తర్వాత పదకొండేళ్లు ఆయన మాట ఎన్నోసార్లు తెగింది. ఒక్కసారీ విసుక్కోలేదని చెప్పను గానీ, ప్రయారిటీ మార్చమని మాత్రం అడగలేదు.

రాహేలమ్మ పని మానేసిన ఏడాదే కొట్టుకు కొత్త యంత్రం వచ్చింది. ఇప్పుడు నేను జిలానీ షాపులో బల్ల మీద ఉన్నాను. రేపు విప్పుతాడట. విప్పితే ఆమె గొంతేమీ దొరకదు. కాస్త దుమ్ము, కాస్త రాగి తీగ దొరుకుతాయి. తీగ ఇంకా గట్టిదే.